యుద్ధం ఆపే సంతకానికి సొంతగడ్డ మీద ఖరీదెంత?

1944 జూన్ 26న ఫిన్లాండ్ అధ్యక్షుడు రిస్టో ర్యుటి హిట్లర్‌కు ఒక లేఖ పంపారు. తాను గానీ, తాను నియమించే ఏ ప్రభుత్వం గానీ జర్మనీ ఒప్పుకోకుండా సోవియట్ యూనియన్‌తో విడిగా సంధి చేసుకోబోమని అందులో హామీ ఇచ్చారు. ఆ హామీ ఇస్తేనే ఆయుధాలు పంపుతామని జర్మనీ పట్టుబట్టింది. సోవియట్ ఎర్రసైన్యం దూసుకొస్తోంది, ఆయుధాలు లేకపోతే దేశం నిలవదు. ఆయుధాలు వచ్చాయి, ముందుకొస్తున్న సైన్యం ఆగింది. ఆగస్టు 1న ర్యుటి రాజీనామా చేశారు. సైన్యాధిపతి మన్నర్‌హైమ్ అధ్యక్షుడయ్యారు. ఆ హామీ ర్యుటి సొంతంగా ఇచ్చినది, దానికి పార్లమెంటు ఆమోదం లేదు, కాబట్టి తనకు వర్తించదని ఆయన జర్మనీకి చెప్పేశారు. సెప్టెంబరు 19న మాస్కోలో యుద్ధ విరమణ ఒప్పందం కుదిరింది. ర్యుటికి మాత్రం యుద్ధ బాధ్యుల విచారణలో 1946లో పదేళ్ల జైలుశిక్ష పడింది.

యుద్ధం నుంచి బయటపడాలన్న విషయంలో ఆ వేసవి చివరికి హెల్సింకీలో పెద్దగా అనుమానాలు లేవు. ఎవరి చేతుల మీదుగా బయటపడాలన్నదే తేలాల్సి వచ్చింది. హామీ ఇచ్చిన మనిషి పక్కకు తప్పుకుంటే తప్ప దేశానికి దారి దొరకలేదు.

యుద్ధాలు ఎలా ఆగుతాయని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: ఒక పక్షం గెలిచినప్పుడు, లేదా రెండు పక్షాలూ అలసిపోయినప్పుడు. ఇది తప్పు కాదు గానీ సగమే. చర్చల బల్ల దగ్గర దేశం కూర్చోదు, ఒక మనిషి కూర్చుంటాడు. ఆ మనిషికి ఒక పదవి ఉంటుంది, పార్టీ ఉంటుంది, మద్దతు ఉపసంహరిస్తామని బెదిరించే మిత్రపక్షాలు ఉంటాయి, మాట వినని సేనాపతులు ఉండొచ్చు, తప్పు దొరికితే చాలని కాచుకున్న ప్రత్యర్థులు తప్పకుండా ఉంటారు. యుద్ధం కొనసాగితే నష్టం దేశానికి. ఆగితే నష్టం చాలాసార్లు ఆ మనిషికి. ఈ రెండు లెక్కలూ కలిసే రోజు దాకా పోరు నడుస్తూనే ఉంటుంది. చాలా యుద్ధాల్లో చివరి ఏడాది, రెండేళ్లు ఇలా గడిచినవే. ఆ చివరి రోజుల్లో చనిపోయినవాళ్ల గురించి ఆలోచిస్తే ఇది సిద్ధాంత చర్చగా మిగలదు.

కొరియానే తీసుకుందాం. 1950 జూన్‌లో మొదలైన యుద్ధంలో సైన్యాలు ఆ ద్వీపకల్పం అంతటా కిందికీ పైకీ కదిలి, ఏడాది తిరిగేసరికి రెండు కొరియాలను విడదీసిన 38వ అక్షాంశం చుట్టుపక్కలే ఆగిపోయాయి. 1951 జూలైలో చర్చలు మొదలయ్యాయి. ఒప్పందం మీద సంతకాలు 1953 జూలై 27న జరిగాయి. ఆ రెండేళ్లలో సరిహద్దు రేఖ పెద్దగా కదల్లేదు, కానీ కొండ కొండకూ వేలమంది చచ్చారు. ప్రధానంగా అడ్డుపడింది యుద్ధఖైదీల సమస్య. చైనా, ఉత్తర కొరియా ఖైదీల్లో తిరిగి వెళ్లడం ఇష్టం లేనివాళ్లను బలవంతంగా పంపబోమని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ పట్టుబట్టారు. ఆ పట్టుదలలో నిజమైన నైతికత ఉంది, దాన్ని తక్కువ చేయలేం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సోవియట్‌కు బలవంతంగా అప్పగించినవాళ్లకు ఏ గతి పట్టిందో ఆయనకు తెలుసు. కానీ దాని వెనక రాజకీయం కూడా ఉంది. చైనాను కమ్యూనిస్టులకు వదిలేశారన్న నింద అప్పటికే ట్రూమన్ పార్టీ మీద పడింది. సెనేటర్ మెకార్తీ ప్రభుత్వంలో కమ్యూనిస్టులున్నారంటూ ఊరూరా తిరుగుతున్నారు. అలాంటి గాలి వీస్తున్నప్పుడు కమ్యూనిస్టులతో రాజీపడ్డ అధ్యక్షుడు అనిపించుకోవడానికి ఎవరు సాహసిస్తారు? 1952 ఫిబ్రవరి నాటికి ట్రూమన్‌కు ప్రజామద్దతు గ్యాలప్ సర్వేలో 22 శాతానికి పడిపోయింది. మళ్లీ పోటీ చేయనని మార్చిలో ప్రకటించారు.

ఐసెన్‌హోవర్ వచ్చాక పరిస్థితి మారింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఐరోపాలో మిత్రసేనలను నడిపిన జనరల్‌ను మెతకవాడని ఎవరూ అనలేరు. పైగా ఆయనది మెకార్తీ పార్టీయే. ట్రూమన్ చేసి ఉంటే ద్రోహమని అరిచేవాళ్లే, దాదాపు అవే షరతులను ఐసెన్‌హోవర్ ఒప్పుకుంటే సర్దుకున్నారు. అయితే అసలు తాళం అవతలి వైపు ఉంది. 1952 ఆగస్టులో చైనా ప్రధాని చౌ ఎన్‌లైతో మాట్లాడుతూ, ఉత్తర కొరియన్లు ప్రాణనష్టం తప్ప మరేదీ పోగొట్టుకోలేదని స్టాలిన్ అన్న మాట ఆ సమావేశపు రికార్డుల్లో ఉంది. అమెరికా ఇరుక్కుపోవడం ఆయనకు లాభం, చచ్చేది తన పౌరులు కాదు. 1953 మార్చి 5న స్టాలిన్ చనిపోయారు. రెండు వారాల్లో మాస్కోలోని కొత్త నాయకత్వం యుద్ధం ముగించాలని తీర్మానించింది. అధికారం కోసం తమలో తాము పోటీపడుతున్న ఆ నాయకులకు బయటి టెన్షన్ తగ్గడం అవసరం. యుద్ధరంగంలో ఆ రెండు వారాల్లో ఏమీ మారలేదు. మారింది క్రెమ్లిన్‌లో కూర్చున్న మనుషులే.

వియత్నాం విషయంలో ఇది ఇంకా స్పష్టంగా, ఇంకా బాధగా కనిపిస్తుంది. అమెరికా అధ్యక్షుడు జాన్సన్ 1965లో సైన్యాన్ని పెంచుకుంటూ పోయినప్పుడు ఆయనకు గెలుపు మీద గట్టి నమ్మకమేమీ లేదు. వియత్నాంను పోగొట్టారన్న ముద్ర పడితే, పేదరిక నిర్మూలన, పౌరహక్కుల వంటి తన దేశీయ కార్యక్రమాలన్నీ అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో కూలిపోతాయన్నది ఆయన భయం. ఆ కార్యక్రమాలను కాపాడుకోవడానికి యుద్ధంలో దిగారు, ఆ యుద్ధమే వాటిని మింగేసింది. 1968 మార్చి 31న టీవీలో మాట్లాడుతూ ఉత్తర వియత్నాంలో చాలా భాగం మీద బాంబు దాడులు ఆపుతున్నానని, తాను మళ్లీ పోటీ చేయనని ఒకే ప్రసంగంలో ప్రకటించారు. ఆ రెండు మాటలూ విడివిడిగా చెబితే నమ్మకం కుదరదు. ఓట్ల కోసం శాంతి అంటున్నాడన్న అనుమానం పోవాలంటే ఓట్లే వద్దనాలి.

అక్టోబరు 31న, ఎన్నికలకు అయిదు రోజుల ముందు, బాంబు దాడులు పూర్తిగా ఆపుతున్నట్లు జాన్సన్ ప్రకటించారు. పారిస్ చర్చల్లో దక్షిణ వియత్నాం కూడా కూర్చోవాలి. నవంబరు 2న ఆ దేశ అధ్యక్షుడు థియూ తాము రాబోమన్నారు. రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్ శిబిరం అన్నా షెనాల్ట్ అనే మధ్యవర్తి ద్వారా దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌తో మంతనాలు జరుపుతోందని నిఘా సమాచారం ద్వారా జాన్సన్‌కు తెలుసు. ఆమెను ఆ పని మీదే ఉంచాలని నిక్సన్ ఆదేశించినట్లు ఆయన సహాయకుడు హాల్డెమన్ రాసుకున్న నోట్స్ దాదాపు అర్ధశతాబ్దం తర్వాత వెలుగులోకి వచ్చాయి. జాన్సన్ ఫోన్‌లో దీన్ని దేశద్రోహం అన్నారు గానీ బహిరంగంగా నోరు విప్పలేదు. నిక్సన్ ఒక శాతం కన్నా తక్కువ ఓట్ల తేడాతో గెలిచారు. ఆ మంతనాలు లేకపోతే 1968లోనే శాంతి వచ్చేదా అంటే, చెప్పడం కష్టం. థియూకు సొంత భయాలున్నాయి. అమెరికా వెళ్లిపోతే తన ప్రభుత్వం ఎన్నాళ్లు నిలుస్తుందో ఆయనకు తెలియనిది కాదు. కానీ ఒక అభ్యర్థి గెలుపు అవకాశాల కోసం శాంతి చర్చలను అడ్డుకునే ప్రయత్నం జరిగిందన్నది మాత్రం రికార్డుల్లో ఉన్న నిజం.

నిక్సన్ వచ్చాక క్యాలెండర్ రాజ్యమేలింది. 1970 డిసెంబరులో, 1971 చివరికల్లా సైన్యాన్ని పూర్తిగా వెనక్కి రప్పించే ఆలోచన వచ్చినప్పుడు ఆయన భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్ అభ్యంతరం చెప్పారు. అలా చేస్తే 1972లో సైగాన్‌లో గొడవలు మొదలై, ఎన్నికల్లో నష్టం జరగొచ్చని వాదించారు. హాల్డెమన్ డైరీలో ఇది ఉంది. 1972 ఆగస్టులో రికార్డయిన టేపులో, దక్షిణ వియత్నాం ఎటూ నిలబడకపోవచ్చని నిక్సన్ అంటుంటే, ఏడాదో రెండేళ్లో పరిస్థితి చెదరకుండా పట్టి ఉంచే సూత్రం ఒకటి కావాలని కిసింజర్ చెబుతారు. అంటే కూలిపోతుందని తెలుసు, తమ మీద నింద పడనంత కాలం నిలబడితే చాలు. 1973 జనవరి 27న పారిస్ ఒప్పందం జరిగింది. ఉత్తర వియత్నాం సేనలు దక్షిణాన ఉన్నచోటే ఉండేందుకు అది వీలిచ్చింది. 1975 ఏప్రిల్‌లో సైగాన్ పడిపోయింది. నిక్సన్ పదవిలో ఉన్నప్పుడు చనిపోయిన అమెరికన్ సైనికులు 20 వేల మందికి పైనే. వియత్నామీయుల చావుల సంఖ్య దానికి ఎన్నో రెట్లు. వాళ్లలో ఒక్కరికీ అమెరికా ఎన్నికల్లో ఓటు లేదు.

ఇదంతా ప్రజాస్వామ్యంలో ఉన్న జబ్బు అనుకుంటే పొరపాటు. నిజానికి అందరికన్నా మొండిగా యుద్ధాన్ని సాగదీసేది పూర్తి ప్రజాస్వామ్యమూ కాక, పూర్తి నియంతృత్వమూ కాక మధ్యలో ఉన్న ప్రభుత్వాలని రాజనీతి శాస్త్రంలో ఒక బలమైన వాదన ఉంది. ప్రజాస్వామ్యంలో ఓడితే నాయకుడి పదవి పోతుంది, తల పోదు. ఉక్కుపిడికిలి నియంత ఓడినా ఇంట్లో గొంతులు నొక్కేసి బతికిపోవచ్చు. మధ్యలో ఉన్నవాడికి ఆ రెండు రక్షణలూ లేవు. జనం గొంతును పూర్తిగా నొక్కలేడు, ఓడితే మర్యాదగా దిగిపోయే దారీ లేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ దీనికి మంచి ఉదాహరణ. జర్మనీలోని అతిపెద్ద రాష్ట్రమైన ప్రష్యాలో అప్పటికీ పన్నును బట్టి ఓటు బరువు మారే మూడు తరగతుల ఓటు పద్ధతి. భూస్వాములు, పారిశ్రామికవేత్తలు, సేనాపతులు కలిసి రాజ్యం చేసేవారు. ఇన్ని త్యాగాలకూ బదులుగా భూములు, నష్టపరిహారం వస్తాయని జనానికి నమ్మబలికారు. ఏమీ తీసుకోకుండా సంధి చేసుకుంటే, కందకాల నుంచి తిరిగొచ్చిన లక్షలాది మంది అడిగే మొదటి ప్రశ్న ఓటుహక్కు గురించే. 1917 జూలై 19న పార్లమెంటు ఆక్రమణలు లేని శాంతి కావాలని 212-126 ఓట్లతో తీర్మానించింది. అప్పటికే దేశాన్ని శాసిస్తున్న సేనాపతులు హిండెన్‌బర్గ్, లూడెన్‌డోర్ఫ్ జంట దాన్ని లెక్కచేయలేదు. కొద్దిగా ఓడినా తమ పెత్తనం పోతుంది, ఘోరంగా ఓడినా పోయేది అదే. కాబట్టి జూదంలో ఉన్నదంతా పోయినవాడు చివరి పందెం కాసినట్టు 1918 మార్చిలో పశ్చిమ రంగంలో భారీ దాడికి దిగారు.

ఆ పందెం పోయాక జరిగింది మరీ గమనించాల్సినది. 1918 సెప్టెంబరు 29న లూడెన్‌డోర్ఫే వెంటనే యుద్ధ విరమణ కోరాలన్నారు, దాంతోపాటు పార్లమెంటరీ ప్రభుత్వాన్ని ఏర్పాటు చేయాలన్నారు. ఇన్నాళ్లూ ప్రజాస్వామ్యాన్ని అడ్డుకున్న మనిషికి ఒక్క రోజులో ఈ మార్పు ఎందుకొచ్చింది? ఈ పరిస్థితి తెచ్చిపెట్టింది పార్లమెంటు రాజకీయవేత్తలే కాబట్టి శాంతి కూడా వాళ్లే చేసుకోవాలని తన అధికారులతో అన్నారు. నవంబరు 11న కాంపియెన్ అడవిలో జర్మనీ తరఫున వెళ్లిన బృందానికి నాయకుడిగా సంతకం చేసింది మథియాస్ ఎర్జ్‌బెర్గర్ అనే పౌర రాజకీయవేత్త. ఏడాది గడిచాక, సైన్యాన్ని వెన్నుపోటు పొడిచారని హిండెన్‌బర్గ్ విచారణ సంఘం ముందు చెప్పారు. 1921 ఆగస్టులో మితవాద తీవ్రవాదులు ఎర్జ్‌బెర్గర్‌ను కాల్చి చంపారు. ఓడించినవాళ్లు ఒకరు, సంతకం పెట్టినవాళ్లు ఇంకొకరు. ఆ అబద్ధం మీద తర్వాతి పదిహేనేళ్లలో ఏమి కట్టారో అందరికీ తెలుసు.

ఉపఖండంలోనూ ఇలాంటి సంతకాలున్నాయి. 1965 యుద్ధం తర్వాత 1966 జనవరి 10న తాష్కెంట్‌లో లాల్ బహదూర్ శాస్త్రి, అయూబ్ ఖాన్ సంతకాలు చేశారు. రెండు సైన్యాలూ 1965 ఆగస్టు 5 నాటి స్థానాలకు వెనక్కి వెళ్లాలి. అంటే సైనికులు ప్రాణాలొడ్డి గెలిచిన హాజీ పీర్ కనుమను భారత్ వదులుకోవాలి. దాన్ని జనానికి ఎలా చెప్పాలన్న భారం శాస్త్రి మోసే అవకాశం లేకపోయింది, ఆ రాత్రే ఆయన కన్నుమూశారు. కేంద్రమంత్రి మహావీర్ త్యాగి నిరసనగా రాజీనామా చేశారు. అవతల అయూబ్ పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. యుద్ధం జరిగినన్నాళ్లూ పాకిస్తాన్ ప్రభుత్వ ప్రచారం గెలుపు వార్తలే వినిపించింది. గెలుస్తున్నవాళ్లు కాశ్మీర్ ఊసు లేకుండా ఎందుకు వెనక్కి వస్తున్నారని జనం అడిగారు. లాహోర్‌లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. విదేశాంగ మంత్రి భుట్టో కొద్ది నెలల్లో మంత్రివర్గం నుంచి బయటికొచ్చి, తాష్కెంట్‌నే అయూబ్ మీద ఆయుధంగా మలుచుకుని కొత్త పార్టీ పెట్టారు. 1969 మార్చిలో అయూబ్ గద్దె దిగారు. అందుకు వేరే కారణాలూ బలంగా ఉన్నాయి, కానీ పతనం మొదలైంది మాత్రం అక్కడేనని చెప్పొచ్చు. యుద్ధకాలంలో చెప్పిన అబద్ధాలకు వసూళ్లు శాంతి వచ్చిన రోజే మొదలవుతాయి.

ఆరేళ్ల తర్వాత సిమ్లాలో బొమ్మ తిరగబడింది. 1971 డిసెంబరులో ఘన విజయం, ఆ వెంటనే రాష్ట్రాల ఎన్నికల్లో కాంగ్రెస్ ప్రభంజనం. ఇందిరా గాంధీకి ఇంట్లో ఎదురులేదు కాబట్టి ఉదారంగా ఉండే వీలు దొరికింది. భుట్టో ఓడిన దేశం తరఫున వచ్చారు గానీ, ఓడింది సైనిక పాలకులు, తాను కాదని చెప్పుకోగలిగారు. మరీ అవమానకరమైన షరతులతో వెనక్కి వెళ్తే ఆ జనరళ్లే మళ్లీ గద్దెనెక్కుతారన్న వాదన ఆయనకు బాగా పనికొచ్చింది. 1972 జూలై 2న ఒప్పందం కుదిరింది, తర్వాత 93 వేల మంది ఖైదీలు ఇళ్లకు చేరారు. కాశ్మీర్ సమస్యను అక్కడే తేల్చేయాల్సిందని భారత్‌లో ఇప్పటికీ వినిపించే విమర్శ. ఎదుటివాడి ఇంటి రాజకీయాన్ని లెక్కలోకి తీసుకుని ఇచ్చిన సడలింపు అది. అయిదేళ్లకు భుట్టోను జనరల్ జియా దించేయడంతో ఆ లెక్క తప్పింది.

మొదలుపెట్టినవాడు ఆపలేడు, తర్వాత వచ్చినవాడు ఆపగలడు. ఎన్నో యుద్ధాల్లో ఇది కనిపిస్తుంది. 1987లో రాజీవ్ గాంధీ శ్రీలంకకు పంపిన శాంతి పరిరక్షక దళం ఎల్టీటీఈతో యుద్ధంలో చిక్కుకుని సుమారు 1,200 మందిని పోగొట్టుకుంది. కొలంబోలో ప్రేమదాస అధ్యక్షుడై దళం వెళ్లిపోవాలన్నారు, ఢిల్లీలో 1989 ఎన్నికల తర్వాత వీపీ సింగ్ ప్రధాని అయ్యారు. ఆ నిర్ణయాన్ని సమర్థించుకోవాల్సిన అగత్యం ఇద్దరికీ లేదు. 1990 మార్చి 24 నాటికి దళం పూర్తిగా వెనక్కి వచ్చేసింది. అఫ్గానిస్తాన్‌లో సోవియట్ సైన్యం ఉండటాన్ని ఆ దేశ నాయకుడు గోర్బచేవ్ 1986 ఫిబ్రవరిలో నెత్తురోడే గాయం అన్నారు. 1979లో సైన్యాన్ని పంపిన నలుగురైదుగురిలో ఆయన లేరు. అయినా చివరి దళం సరిహద్దు దాటడానికి 1989 ఫిబ్రవరి దాకా పట్టింది. సైన్యం, గూఢచారి సంస్థ కేజీబీ, మిత్రదేశాల ముందు పరువు, అన్నిటినీ సర్దుకునేసరికి మూడేళ్లు గడిచాయి. అక్కడ పోయిన సోవియట్ సైనికులు సుమారు 15 వేల మంది. కొత్త నాయకుడికి ఉన్న ఈ వెసులుబాటు కూడా కొంతకాలమే. ఏడాదో ఏడాదిన్నరో దాటితే పాత యుద్ధం కొత్తవాడి యుద్ధమైపోతుంది. నిక్సన్‌కు జరిగింది అదే.

అందరికన్నా కష్టమైన దారిలో నడిచింది ఫ్రాన్స్ నాయకుడు డిగాల్. ఫ్రాన్స్ ఏలుబడిలో ఉండి స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న అల్జీరియాలో 1958 మేలో ఫ్రెంచ్ సైన్యం, అక్కడ స్థిరపడ్డ యూరోపియన్లు తిరగబడటం వల్లనే ఆయన అధికారంలోకి వచ్చారు. అల్జీరియాను ఫ్రాన్స్‌లోనే ఉంచుతారని వాళ్ల నమ్మకం. జూన్ 4న అల్జీర్స్‌లో జనం ముందు నిలబడి, మిమ్మల్ని అర్థం చేసుకున్నాను అన్నారు. ఎవరికి కావాల్సిన అర్థం వాళ్లు తీసుకున్నారు. ఏడాది తర్వాత, 1959 సెప్టెంబరులో అల్జీరియా స్వయం నిర్ణయం గురించి మొదటిసారి మాట్లాడారు. 1961 జనవరిలో రిఫరెండం పెట్టి దాదాపు 75 శాతం మద్దతు తీసుకున్నారు. ఏప్రిల్‌లో నలుగురు జనరళ్లు తిరుగుబాటు చేశారు. డిగాల్ సైనిక దుస్తుల్లో టీవీ, రేడియోల్లో మాట్లాడి వాళ్ల మాట వినొద్దని ఆదేశించారు. నిర్బంధ సేవలో ఉన్న కుర్రాళ్లు ట్రాన్సిస్టర్లలో ఆ ప్రసంగం విన్నారు, జనరళ్ల వెంట నడవలేదు. కొద్ది రోజుల్లో తిరుగుబాటు కూలింది. 1962 మార్చి 18న అల్జీరియా పోరాట నాయకులతో ఎవియాన్‌లో యుద్ధ విరమణ ఒప్పందం, ఏప్రిల్‌లో ఇంకో రిఫరెండం, 90 శాతం మద్దతు. ఆగస్టులో పారిస్ శివార్లలో ఆయన కారు మీద తూటాల వర్షం కురిసింది, తృటిలో బయటపడ్డారు.

ఇక్కడ డిగాల్ నేర్పు ఒక్కటే చూస్తే చాలదు. ఆయన యుద్ధం ఆపడానికి ముందు ప్రభుత్వ నిర్మాణాన్నే మార్చారు. పాత రాజ్యాంగంలో చాలామంది ప్రధానులు కొన్ని నెలలకు మించి నిలిచేవారు కాదు, సంకీర్ణంలో పదిమంది అలిగితే ప్రభుత్వం పోయేది. ఆయన తెచ్చిన కొత్త రాజ్యాంగంలో, అంటే అయిదో రిపబ్లిక్‌లో, అధ్యక్షుడికి ఆ భయం లేదు. ఆ తర్వాత పార్టీలను, సైన్యాన్ని దాటుకుని నేరుగా ఓటర్ల దగ్గరికి వెళ్లారు. కానీ 1962 ఏప్రిల్ రిఫరెండంలో అల్జీరియాలోని యూరోపియన్లకు ఓటు లేదు. ఒక్క ఏడాదిలో లక్షలాది మంది మూటాముల్లె సర్దుకుని ఓడలెక్కారు. ఫ్రెంచ్ సైన్యం తరఫున పోరాడిన అల్జీరియన్ ముస్లింలను, హర్కీలను, చాలావరకు అక్కడే వదిలేశారు. వాళ్లలో వేలాది మందిని చంపేశారు. శాంతి అవసరమే, జరిగింది మంచిదే. కానీ దాని బిల్లు ఓటు లేనివాళ్ల చేత కట్టించారు.

రిఫరెండం ఎదురుతన్నవచ్చు కూడా. కొలంబియాలో గెరిల్లాలతో 52 ఏళ్ల అంతర్యుద్ధాన్ని ముగించే ఒప్పందాన్ని అధ్యక్షుడు శాంటోస్ 2016 అక్టోబరు 2న జనం ముందు పెట్టారు. 50.2 శాతం మంది వద్దన్నారు. మాజీ అధ్యక్షుడు ఉరిబే వ్యతిరేక ప్రచారం నడిపారు. 2002లో చర్చిలో తలదాచుకున్న జనం గెరిల్లాల పేలుడుకు బలైన బొహయా ఊళ్లో 96 శాతం మంది ఒప్పందం కావాలన్నారు. యుద్ధం అంతగా సోకని చాలా ప్రాంతాల్లో అది ఓడిపోయింది. శాంటోస్ సవరణలు చేసి రెండోసారి జనం దగ్గరికి వెళ్లకుండా చట్టసభ కాంగ్రెస్‌లో ఆమోదింపజేసుకున్నారు.

నియంతలకు ఇంటి రాజకీయం ఉండదన్న అపోహ కూడా పోవాలి. ఇరాన్ 1982 మేలో ఖొర్రంషహర్‌ను తిరిగి గెలుచుకున్నాక ఇరాక్‌తో యుద్ధం ఆపి ఉండొచ్చు. విప్లవాన్ని అవతలికి తీసుకెళ్లాలన్న వాళ్ల మాట నెగ్గి మరో ఆరేళ్లు నడిచింది. 1988 జూలైలో ఇరాన్ అధినేత ఖొమైనీ విషపాత్ర తాగుతున్నానంటూ కాల్పుల విరమణకు ఒప్పుకున్నారు. ఆ మాట అనగలిగిన మనిషి ఆ దేశంలో ఆయన ఒక్కరే. వేరే ఎవరు అన్నా ద్రోహి అయ్యేవారు.

అయితే ఇంటి లెక్కతోనే అంతా చెప్పేయడం కుదరదు. యుద్ధరంగంలో ఓటమి ముంచుకొస్తే ఎంతటి సంకీర్ణమైనా వంగుతుంది. కొన్నిసార్లు నాయకులు భయపడినంత శిక్ష జనం వేయరు కూడా. 2020 నవంబరులో అర్మీనియా ప్రధాని పషిన్యాన్ అజర్‌బైజాన్‌తో బాధాకరమైన ఒప్పందం మీద సంతకం చేశారు. ఆ రాత్రి గుంపులు పార్లమెంటులోకి చొరబడి స్పీకర్‌ను తీవ్రంగా కొట్టాయి, పషిన్యాన్ పని అయిపోయిందని అందరూ రాశారు. ఏడు నెలల తర్వాత జరిగిన ఎన్నికల్లో ఆయన పార్టీకే దాదాపు 54 శాతం ఓట్లు వచ్చాయి. వీధిలో అరిచేవాళ్లు, ఇంట్లో కూర్చుని ఆలోచించేవాళ్లు ఒకరే కాదు. నాయకులకు మొదటివాళ్లే వినిపిస్తారు. యుద్ధాలు సాగడానికి ఈ వినికిడి లోపం కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

గాజా యుద్ధంలో ఈ లెక్క తేదీలతో సహా కనిపించింది. 2022 ఎన్నికల తర్వాత ఇజ్రాయెల్‌లో నెతన్యాహు సంకీర్ణానికి 120 స్థానాల పార్లమెంటులో 64 మంది. ఆయన మీద అప్పటికే అవినీతి కేసుల విచారణ నడుస్తూ ఉంది. 2025 జనవరిలో కాల్పుల విరమణ కుదిరిన వెంటనే జాతీయ భద్రతా మంత్రి బెన్ గ్విర్ పార్టీ ప్రభుత్వం నుంచి తప్పుకుంది. ఆర్థికమంత్రి స్మోత్రిచ్ యుద్ధం మళ్లీ మొదలుకాకపోతే తానూ వెళ్తానన్నారు. మార్చి 31 లోపు బడ్జెట్ నెగ్గకపోతే పార్లమెంటు దానంతటదే రద్దయి ఎన్నికలు వచ్చేవి. మార్చి 18న గాజా మీద దాడులు మళ్లీ మొదలయ్యాయి, మరుసటి రోజు బెన్ గ్విర్ పునర్నియామకానికి పార్లమెంటు ఆమోదం తెలిపింది, 25న బడ్జెట్ నెగ్గింది. బందీల విడుదలకు హమాస్ ఒప్పుకోకపోవడం వల్లే దాడులు మొదలుపెట్టామని ప్రభుత్వం చెప్పింది, రాజకీయ కారణాలున్నాయన్న ఆరోపణను నెతన్యాహు కొట్టేశారు. ఆయన మనసులో ఏముందో నిరూపించే కాగితం ఏదీ బయటికి రాలేదు. కానీ యుద్ధం ఆగితే పడిపోయే ప్రభుత్వంలో కూర్చున్న నాయకుడి నిర్ణయాన్ని బందీల కుటుంబాలే నమ్మలేకపోయాయి. ఆ అపనమ్మకానికి వాళ్లను తప్పుపట్టలేం.

ఉక్రెయిన్ విషయంలో ముడి చట్టంలోనే పడింది. తూర్పున యుద్ధం ఆపుతానని చెప్పి 2019లో జెలెన్‌స్కీ 73 శాతం ఓట్లతో గెలిచారు. అదే అక్టోబరులో ఒక రాజీ సూత్రానికి ఒప్పుకోగానే లొంగుబాటు వద్దంటూ కీవ్‌లో వేలమంది రోడ్డెక్కారు. రష్యా పూర్తిస్థాయి దాడికి దాదాపు రెండున్నరేళ్ల ముందే, గట్టి మెజారిటీ ఉండగానే ఆయన చేతులు అలా కట్టుబడిపోయాయి. ఇప్పుడు భూభాగం మార్పుకు దేశమంతటా రిఫరెండం జరగాలని రాజ్యాంగం 73వ అధికరణం చెబుతోంది. యుద్ధకాలపు అత్యవసర చట్టం, మార్షల్ లా, అమల్లో ఉండగా రిఫరెండం గానీ ఎన్నికలు గానీ పెట్టకూడదు. కాల్పులు ఆగితే తప్ప మార్షల్ లా ఎత్తేయలేరు. అవతల రష్యా 2020లో భూభాగం వదులుకోవడాన్ని రాజ్యాంగంలోనే నిషేధించి, 2022లో నాలుగు ఉక్రెయిన్ ప్రాంతాల పేర్లు అందులో చేర్చింది. అప్పటికి ఆ ప్రాంతాలు పూర్తిగా దాని చేతిలో లేవు కూడా. రెండు రాజ్యాంగాలూ ఒకే నేలను తమదంటున్నాయి. మాస్కోలో రాజ్యాంగాన్ని రాసుకున్న చెయ్యే కావాలనుకుంటే మార్చుకోగలదు, కీవ్‌లో అలా కుదరదు. అందుకే ఏ మధ్యవర్తి అయినా భూమి ఎవరిదన్న ప్రశ్నను చివరికి నెట్టి, ముందు కాల్పులు ఆపించి, ఆ తర్వాత కీవ్‌లో ఎన్నికలకు చోటిచ్చే వరుసను వెతకాల్సి వస్తుంది. ఆ ఎన్నికల్లో గెలిచేది ఇప్పుడు చర్చల్లో కూర్చున్నవాళ్లేనన్న హామీ ఎవరూ ఇవ్వలేరు, వచ్చేవాళ్లు ఆ కాగితాన్ని ఒప్పుకుంటారన్న హామీ కూడా.